హృదయము ఒక్కటి కాదు

ఇటీవల ఆధ్యాత్మిక ప్రసంగములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. బృహదారణ్యకోపనిషత్తు హృదయ శబ్దమును హృ, ద, యం అని మూడక్షరములుగా విభజించినది గదా! హృ అనగా తెచ్చుట, ద అనగా ఇచ్చుట, యం అనగా పోవుట. కావున గుండె రక్తమును తెచ్చి, ఇచ్చి, నడిపించునను విషయము ఋషులు ఏనాడో చెప్పిరని వక్తలు ఉద్ఘాటించుచున్నారు. సభలో కరతాళధ్వనులు మ్రోగుచున్నవి. కాని ఆ బ్రాహ్మణమును ఆద్యంతము అధ్యయనము చేసినవారికి ఈ మాట శ్రుతికి గౌరవము కాదని తెలియును.

అచ్చట చెప్పబడినది ఉపాసనాఫలము. ఆ మూడక్షరముల తత్త్వమెరిగినవానికి తనవారును పరులును కానుకలు తెత్తురు, ఇత్తురు. అతడు స్వర్గమును పొందును. ఇంతే ప్రకరణార్థము. ఇందు రక్తప్రసక్తియే లేదు. అట్లే ఛాందోగ్యము అష్టమాధ్యాయమున హృదయపుండరీకమందలి దహరాకాశమును ఉపాసింపుమన్నది. హృదయమునకు నూటొక్క నాడులు కలవనియు, అందొకటి మూర్ధమునకు పోవుననియు చెప్పినది. అది ఉత్క్రాంతిమార్గము. శస్త్రవైద్యుడు గుండెను తెరచి చూచినచో దానితో కలియు మహానాళములు సాధారణముగా ఎనిమిది: ఒక బృహద్ధమని, ఒక పుపుస ధమని, రెండు మహాసిరలు, నాలుగు పుపుస సిరలు. ఉపనిషత్తును శరీరశాస్త్ర గ్రంథముగా చదువువారు ఈ లెక్కకు ఏమి సమాధానము చెప్పగలరు? శ్రుతిని పొగడబోయి దానిని అసత్యమున నిలబెట్టినవారగుదురు. భగవాన్ రమణమహర్షి ఆధ్యాత్మిక హృదయమును వక్షమునకు కుడివైపున నిర్దేశించుటలోని ఆంతర్యమును కూడ ఇచ్చట స్మరింపవలెను.

మీమాంసకుల సిద్ధాంతము సుస్పష్టము. ఇతర ప్రమాణములచే తెలియనిదానిని తెలుపుటయే వేదముయొక్క వేదత్వము. కంటికి, యుక్తికి అందునది వేదవిషయము కాదు. అగ్ని చల్లనిదని శ్రుతి చెప్పినను అది ప్రమాణము కాజాలదని శంకరభగవత్పాదులు గీతాభాష్యమున నిర్ణయించిరి. రక్తప్రసరణము ప్రత్యక్షానుమానముల క్షేత్రము. దానిని ఆ ప్రమాణములతోనే తెలిసికొనవలెను.

తెలిసికొన్న విధానము కూడ శాస్త్రాధ్యేతలకు ప్రీతి కలిగించునదే. ఆహారమునుండి కాలేయము నిరంతరము క్రొత్త రక్తమును పుట్టించుననియు, దేహము దానిని వినియోగించివేయుననియు యూరప్ వైద్యులు శతాబ్దములపాటు నమ్మిరి. ఆంగ్లవైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించిన గ్రంథమున లెక్క కట్టి చూపెను. అర గంటలో గుండె వెలువరించు రక్తము దేహమందున్న మొత్తము రక్తమును మించుచున్నది. అంత రక్తము ఆహారమునుండి పుట్టుట అసంభవము. కావున పోయిన రక్తమే తిరిగి వచ్చుచుండవలెను. పగలు భుజింపని దేవదత్తుడు స్థూలకాయుడై యున్నచో రాత్రి భుజించుచున్నాడని గ్రహించుట వంటిదే ఇది; అచ్చమైన అర్థాపత్తి. ధమనులను సిరలతో కలుపు కేశనాళికలను హార్వే చూడలేదు. ఆయన 1657లో మరణించెను. 1661లో ఇటలీ దేశీయుడైన మాల్పీగి సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులయందు వానిని దర్శించెను. యుక్తి చెప్పినదానిని ప్రత్యక్షము ధ్రువపరచినది.

గుండె పిడికిలియంత కండరము. నాలుగు గదులు కలది. దేహమంతట తిరిగి వచ్చిన రక్తము కుడి కర్ణికను చేరి, కుడి జఠరికద్వారా ఊపిరితిత్తులకు పోవును. అచ్చట ప్రాణవాయువును గ్రహించి ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు వచ్చి, బృహద్ధమనిద్వారా సర్వాంగములకు ప్రవహించును. కవాటములు వెనుకకు మరలనీయవు. అవి మూసికొను శబ్దమే వైద్యుడు వినునది. నిమిషమునకు సుమారు 70 స్పందనలు, ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు. అనగా నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్లు. దినమునకు స్పందనలు దాదాపు ఒక లక్ష.

ఇందొక విశేషము కలదు. తనగుండా ఇంత రక్తము ప్రవహించుచున్నను, గుండెకండరము తన గదులలోని రక్తముతో పోషింపబడదు. బృహద్ధమని మొదట వెలువడు రెండు హృద్ధమనులద్వారానే తన భాగము దానికి లభించును. అదియును ప్రధానముగా రెండు స్పందనల నడుమ విశ్రాంతిక్షణమున లభించును. ఆ సన్నని నాళములలో ఒకటి గడ్డకట్టిన రక్తముతో మూసికొనినచో ఆ భాగపు కండరము నిమిషనిమిషమునకు నశించుచుండును. గుండెపోటు అనగా ఇదియే.

ఈ రెండు హృదయములను కలగాపులగము చేయుటవలన నష్టము పాండిత్యమునకు మాత్రమే కాదు. ఉపవాసమున నున్న వృద్ధునికి వక్షము బరువెక్కును, చెమటలు పట్టును, ఎడమ భుజమునకో దవడకో నొప్పి ప్రాకును. ఇంటివారు గ్యాసు అందురు, స్వామి చూచుకొనునందురు, తీర్థమిత్తురు. మధుమేహము కలవారికి నొప్పియే తెలియక ఆయాసము మాత్రమే రావచ్చును. అట్టి సమయమున జపము మనస్సుకు ధైర్యమిచ్చునేగాని మూసికొనిన నాళమును తెరువదు. వెంటనే 108కు ఫోను చేయుటయే ఆ క్షణపు ధర్మము.

మరికొందరు ఏకాదశినాడు, దీక్షాకాలమున గుండెకు, రక్తపోటుకు సంబంధించిన మాత్రలు మానుచున్నారు. వ్రతభంగము కలిగింపనివి ఎనిమిది అని ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిరి. జలము, కందమూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము. ఔషధము ఆ జాబితాలో స్పష్టముగా ఉన్నది. దానిని సేవించుటవలన వ్రతము చెడదు. మానుటవలన దేహము చెడును. వ్రతమునకు పూర్వము ఉపవాసము తగునా, మాత్రలను ఏ వేళకు మార్చుకొనవలెనని వైద్యుని అడుగుట భక్తిలోపము కాదు.

దహరాకాశమును ధ్యానించుటకు గురువును ఆశ్రయింపవలెను. వక్షమందలి కండరమునకు వైద్యుని ఆశ్రయింపవలెను. మొదటి హృదయమునకు నాశము లేదు. రెండవది నశించినచో మొదటిదానిని అన్వేషించుటకు ఈ జన్మలో వేరొక సాధనము లేదు.

స్వస్తి.