అరవై దాటాక ఆధారం ఎవరు? పొదుపు ఉంది, ముసలితనం లెక్క మాత్రం లేదు

గత ఏడాది చివర్లో రెండు నిర్ణయాలు వెంటవెంటనే వచ్చాయి. 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వీటితో డెలివరీ బాయ్స్, క్యాబ్ డ్రైవర్లు గిగ్ వర్కర్లుగా కేంద్ర చట్టం పరిధిలోకి వచ్చారు. యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం దాకా వీళ్ల సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలి. డిసెంబర్‌లో జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్) నిబంధనలు మారాయి. ప్రభుత్వేతర ఖాతాదారులు రిటైరయ్యాక 80 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు. ఇంతకుముందు ఇది 60 శాతమే.

ఈ రెండింటి మీద ఎక్కువ చర్చ జరగాల్సింది పాతబస్తీలో, టోలీచౌకిలో, నిజామాబాద్, కర్నూలు, గుంటూరు ముస్లిం మొహల్లాల్లో. ఎందుకంటే ఆటో డ్రైవర్లు, మెకానిక్‌లు, చిన్న దుకాణదారులు, గల్ఫ్ కార్మికులు, ఇంట్లో కార్చోబీ పని చేసే ఆడవాళ్లు ఇక్కడ ఎక్కువ. వీళ్లకు ఆఫీసు నుంచి వచ్చే పింఛను ఏదీ ఉండదు.

పొదుపు లేక కాదు

మనవాళ్లు పొదుపు చేయరనడం తప్పు. చిట్టీ కడతారు, తులం తులం బంగారం కూడబెడతారు, ఊరి బయట ప్లాటు కొంటారు. కానీ ప్రతి రూపాయికీ ముందే ఒక పేరు పెట్టి ఉంటుంది. ఇది ఇంటికి, ఇది బిడ్డ పెళ్లికి, ఇది హజ్‌కి. "ఇది నా ముసలితనానికి" అని పేరున్న డబ్బే ఉండదు. ఆ బాధ్యత కొడుకుల మీద ఉంటుంది.

అమ్మానాన్నలను చూసుకోవడం పిల్లల బాధ్యత, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కొడుకు కూడా అద్దె ఇంట్లోనే ఉంటాడు, స్కూలు ఫీజులు, బైక్ ఈఎంఐ కట్టుకుంటూ ఉంటాడు. తండ్రి దగ్గర నెలకు నాలుగైదు వేల సొంత ఆదాయం ఉంటే కొడుకు మీద బరువు తగ్గుతుంది, తండ్రి మాటకు విలువా నిలుస్తుంది. మందుల కోసం కోడలి దగ్గర చేయి చాచడం ఎంత కష్టమో పెద్దవాళ్లకే తెలుసు.

గల్ఫ్‌ నుంచి తిరిగొచ్చిన వాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది. అక్కడి ప్రభుత్వ పింఛను మనవాళ్లకు రాదు, సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే మొత్తమే ఉంటుంది. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క కడతారు. ఇరవై ఏళ్ల కష్టానికి వచ్చిన ఆ డబ్బు ఇంటి పైఅంతస్తుకో, పెళ్లికో పోయిందంటే మళ్లీ సున్నా నుంచే మొదలు.

సర్కారు ఇచ్చేది ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000. తెలంగాణలో 2019లో అది రూ.2,016 అయింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ రూ.4,000 ఇస్తామని చెప్పింది. ఇవి పేదలకు ఆసరా, కాదనలేం. కానీ ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

కేంద్రం పథకాల్లో అటల్ పింఛను యోజన 2015లో మొదలైంది. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు. 60 దాటాక నెలకు రూ.1,000 నుంచి రూ.5,000 దాకా గ్యారంటీ. రూ.5,000 పింఛను కావాలంటే 18 ఏళ్లకు చేరినవాళ్లు నెలకు రూ.210, 30 ఏళ్లకు చేరినవాళ్లు రూ.577, 40 ఏళ్లకు చేరినవాళ్లు రూ.1,454 కట్టాలి. ఖాతాదారు చనిపోతే అదే పింఛను భార్యకు లేదా భర్తకు వస్తుంది. 2022 అక్టోబర్ నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఇందులో చేరే వీల్లేదు.

నెలకు రూ.15,000 లోపు సంపాదించే అసంఘటిత కార్మికుల కోసం 2019లో శ్రమ్ యోగి మాన్‌ధన్ వచ్చింది. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 తర్వాత నెలకు రూ.3,000.

ఇక్కడే అసలు లెక్క చూడాలి. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయని అనుకుంటే, 30 ఏళ్ల తర్వాత చేతికొచ్చే రూ.5,000కు ఇవాళ్టి రూ.870 విలువే ఉంటుంది. అంటే అటల్ పింఛను ఒక్కటే నమ్ముకుంటే అప్పటికి ఒక వారం సరుకులు కూడా రావు. అందుకని వద్దనుకోవడం కూడా సరికాదు. అది పునాది మాత్రమే, దాని మీద ఇంకేదైనా కట్టుకోవాలి.

వడ్డీ భయం, మోసగాళ్లకు దారి

మనవాళ్లలో చాలామంది ఈ పథకాలకు దూరంగా ఉండటానికి కారణం వడ్డీ. ఫిక్స్‌డ్ డిపాజిట్ వద్దనుకోవడం, ప్రభుత్వ బాండ్లలో పెట్టే పింఛను మీద అనుమానం ఉండటం వాళ్ల ఈమాన్‌కు సంబంధించిన విషయం. దాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. కానీ బ్యాంకు వద్దనుకున్న డబ్బు ఎక్కడికో ఒకచోటికి పోతుంది. ఆ ఖాళీలోకే "హలాల్ లాభం" పేరుతో మోసగాళ్లు దూరారు. 2019లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలినప్పుడు వేల కుటుంబాల సొమ్ము ఇరుక్కుంది. రిటైరైన వాళ్ల డబ్బు, వితంతువుల డబ్బు కూడా అందులో ఉంది. నెలనెలా తప్పకుండా లాభం ఇస్తామని ఎవరైనా అంటే అది వ్యాపారం కాదని ముందే గుర్తు పట్టాలి. వ్యాపారం అన్నాక నష్టం కూడా ఉంటుంది. నష్టంలో వాటా లేని లాభం షరియత్ లెక్కలోనూ నిలవదు, కామర్స్ లెక్కలోనూ నిలవదు.

చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. సెబీ పర్యవేక్షణలో టాటా ఎథికల్ ఫండ్, నిఫ్టీ 50 షరియా సూచీని అనుసరించే ఈటీఎఫ్ ఉన్నాయి. బ్యాంకులు, మద్యం కంపెనీలు, అప్పు ఎక్కువున్న కంపెనీల షేర్లు వీటిలో ఉండవు. ఇక ఎన్‌పీఎస్ కొత్త నిబంధన చూస్తే, తప్పనిసరిగా యాన్యుటీ కొనాల్సిన భాగం 40 నుంచి 20 శాతానికి తగ్గింది. వడ్డీ మీద అభ్యంతరం ఉన్నవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు. ఏది జాయిజ్, ఏది కాదు అన్నది నమ్మకమైన ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి. అయితే పథకం కాగితాలు చేతిలో పట్టుకుని అడగాలి, వాట్సాప్ మెసేజ్ చూపించి కాదు.

మలేషియాలో ఉద్యోగుల భవిష్య నిధి 2017 నుంచి సభ్యులకు షరియా ఖాతా ఎంచుకునే అవకాశం ఇస్తోంది. మన ఈపీఎఫ్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలో ఎంచుకునే వీలే సభ్యుడికి లేదు. కార్మిక కోడ్‌ల మీద మాట్లాడే మన నాయకులు అడగాల్సిన ప్రశ్న ఇది.

పదేళ్ల ఆలస్యం ధర

ఒకరు 30 ఏళ్ల నుంచి నెలకు రూ.2,000 ఈక్విటీ ఫండ్‌లో పెట్టారనుకుందాం. ఏడాదికి సగటున 10 శాతం వస్తే (గ్యారంటీ లేదు) 60 నాటికి సుమారు రూ.45 లక్షలు. అదే 40 ఏళ్లకు మొదలుపెడితే రూ.15 లక్షలే. కట్టిన సొమ్ములో తేడా రూ.2.4 లక్షలు, చేతికొచ్చేదాంట్లో తేడా రూ.30 లక్షలు. అయితే ఏజెంట్లు చెప్పని మాట ఇంకోటి ఉంది. 6 శాతం ధరల పెరుగుదల తీసేస్తే ఆ 45 లక్షల విలువ ఇవాళ్టి లెక్కలో ఎనిమిది లక్షల లోపే. కాబట్టి జీతం పెరిగినప్పుడల్లా కట్టే మొత్తం కూడా పెంచాలి. షేర్లు పడే సంవత్సరాలు వస్తాయి కనుక, ఐదారేళ్లలో పెళ్లికి కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకూడదు.

కొత్తది మొదలుపెట్టే ముందు ఉన్న హక్కు చూసుకోవాలి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఈపీఎఫ్ తప్పనిసరి. చాలామంది కుర్రాళ్లు ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసి ఖర్చు పెట్టేస్తారు. అలా తీసేస్తే పదేళ్ల సర్వీసు లెక్క తెగిపోతుంది, 58 ఏళ్లకు రావాల్సిన పింఛను కూడా పోతుంది. ఉద్యోగం మారితే ఖాతా బదిలీ చేసుకోవాలి. డెలివరీ పని చేసేవాళ్లు ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పేరు లేకపోతే కంపెనీ కట్టే ఆ 1-2 శాతం నిధిలో వాటా అడిగేందుకు ఆధారమే ఉండదు.

ఇంకో మాట ఆడవాళ్ల గురించి. ఇంట్లో పొదుపంతా భర్త పేరు మీదే ఉంటే, ఆయన పోయిన రోజున ఖాతా ఎక్కడుందో కూడా భార్యకు తెలియదు. అటల్ పింఛనులో భార్యాభర్తలు విడివిడిగా చేరవచ్చు. నామినీ పేరు ఎవరిదో, పాస్‌బుక్ ఎక్కడుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని కాగితాలు బయటికి తీస్తే గంట పని.