వాడేవాళ్లే గీయాల్సిన నమూనా

ఉపకరణాల పంపిణీ శిబిరంలో దండ వేసి అప్పగించిన మూడు చక్రాల బండి తొలకరి పడగానే గొడ్ల కొట్టంలో చేరడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. తారు రోడ్డును దృష్టిలో పెట్టుకుని చేసిన బండి డొంకదారి బురదలో కదలదు. చైను తెగితే సరిపడే ముక్క ఊళ్లో దొరకదు. ఆ బండిని గీసినవాళ్లు ఆ దారి చూడలేదు, దానిమీద కూర్చోబోయే మనిషిని అడగనూ లేదు.

ఈ లోపం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1993లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం వికలాంగులు తీసుకున్న ఉపకరణాల్లో దాదాపు 29 శాతం పూర్తిగా మూలన పడ్డాయి. ఎంపికలో వాడేవారి మాటకు విలువ లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. మరోవైపు ప్రపంచంలో 250 కోట్ల మందికి ఏదో ఒక సహాయక ఉపకరణం అవసరమనీ, వారిలో 100 కోట్ల మందికి దగ్గరగా అది అందడం లేదనీ 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కగట్టాయి. అందనివి అన్ని ఉండగా, అందినవీ వృథా కావడం రెట్టింపు నష్టం.

వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలతో ఇలాంటి ఉపకరణాలు తయారు చేయించే శిబిరాలు విదేశాల్లో నడుస్తున్నాయి. సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకూ భద్రాచలం వైపు అడవికీ నడుమనున్న కల్లూరులో అలాంటి శిబిరం ఎందుకు పెట్టకూడదు? పునాది కొంత పడే ఉంది. ప్రభుత్వ బడుల పిల్లల ఆలోచనల కోసం తెలంగాణలో 2020లో స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ మొదలైంది. నమూనాలు తయారు చేసుకునేందుకు 2023లో హైదరాబాద్‌లో టీ-వర్క్స్ తెరిచారు. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి రూ.20 లక్షల దాకా సాయం అందుతుంది. కొరత యంత్రాలది కాదు, అడిగే అలవాటుది.

పిల్లలకు ఇంత పని చేతనవుతుందా అనేవారు 1824ను గుర్తు చేసుకోవాలి. అంధుల కోసం చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి 12 చుక్కల లిపి తయారు చేశాడు. ఆ చుక్కల గుంపు వేలికొనకు ఒక్కసారిగా అందేది కాదు. దాన్ని ఆరు చుక్కలకు కుదించిన లూయీ బ్రెయిల్‌కు అప్పటికి పదిహేనేళ్లు. బార్బియేకు లేనిదీ అతనికి ఉన్నదీ ఒకటే: ఆ వేలు అతనిది.

అందుకే కల్లూరు శిబిరంలో మొదటి కుర్చీ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలది కావాలి. సాయం పుచ్చుకునేవాళ్లుగా కాదు, నమూనా గీసేవాళ్లుగా. అంధుడైన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తర్వాత ఆయన ఎంఐటీలో చదివి, 2012లో పరిశ్రమ పెట్టి చూపించారు. ప్రయోగశాల తలుపు మూసేస్తే మనకు మిగిలేది బార్బియేలే, బ్రెయిల్ కాదు.

ఐఐటీ ఢిల్లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన స్మార్ట్‌కేన్ 2014లో మార్కెట్‌లోకి వచ్చింది. మామూలు తెల్లకర్ర నేలమీది అడ్డంకినే చెబుతుంది. స్మార్ట్‌కేన్ మోకాలి పైన ఎదురయ్యేవాటినీ పసిగట్టి చేతికి ప్రకంపన పంపుతుంది. ఆ కర్ర బయటికి రావడానికి ఏళ్లు పట్టింది, ఎందరో అంధులు దాన్ని వాడి తప్పులు చెప్పారు. మన వీధుల్లో తలకు తగిలేవి కిందికి దిగిన చూరు, ట్రాక్టరు ట్రక్కు దాటి పొడుచుకొచ్చిన వెదురు బొంగులు. అవి ఏ ఎత్తులో, ఏ మలుపులో ఉంటాయో రోజూ దెబ్బలు తిన్నవారికే తెలుసు.

ఒక హెచ్చరిక తప్పదు. కృత్రిమ కాలు, వినికిడి యంత్రం పిల్లల ప్రయోగాలకు వస్తువులు కావు. కొలత తప్పితే పుండు పడుతుంది, ఉన్న వినికిడీ దెబ్బతింటుంది. అవి నిపుణులకే వదలాలి. పట్టు లేని వేళ్లకు లావుపాటి గరిటె పిడి, బురదలో దిగబడని చంకకర్ర అడుగు, నేలబారు మరుగుదొడ్డిపై కూర్చునేందుకు పీట, గడప దగ్గర వాలుబల్ల వంటివి చాలు. ఏది చేసినా కల్లూరు సెంటర్‌లోని సైకిల్ షాపులోనో వెల్డింగ్ షాపులోనో బాగుచేయించుకోగలిగేలా ఉండాలి. ఆ మెకానిక్కులే శిబిరానికి గురువులైతే మరీ మంచిది.

ఇక బహుమతులు. బడులు తెరిచే జూన్‌లో ప్రదర్శన పెట్టి, జ్ఞాపికలిచ్చి, ఫొటో దిగితే కథ మళ్లీ గొడ్ల కొట్టానికే చేరుతుంది. తీర్పు దసరా సెలవుల దాకా ఆపాలి. వానాకాలం గడిచాక పిల్లలు తమ వస్తువు ఇచ్చిన ఇళ్లకు వెళ్లి దాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. పిడి అరిగి, అడుగున మట్టి పట్టి, ఎక్కడో తీగ చుట్టి ఉంటే గెలిచినట్టు. కొత్తగా మెరుస్తుంటే ఓడినట్టు.