తలుపు తట్టి వెళ్ళినవాళ్ళకి పద్దు ఎందుకు?

సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి నరసరావుపేటలో మా ఇంటి రౌటర్‌లో ఫైర్‌వాల్ సరిచేశాడు. మనం పిలవకుండా బయటి నుంచి వచ్చేదేదైనా ఇక గుమ్మం దగ్గరే ఆగిపోతుందన్నాడు. ఆగినవన్నీ ఒక చిట్టాలో పడేలా పెట్టి, దాన్ని ఫోన్‌లో ఎలా చూడాలో నాకు నేర్పి వెళ్ళాడు.

అక్కడితో నా నిద్ర పోయింది. రాత్రి వంటిల్లు సర్దుకోగానే ఫోన్ పట్టుకునేదాన్ని. వరసలే వరసలు, ఏ దేశాలవో నంబర్లు! ఎవరో మా ఇంటి మీదే కన్నేశారని భయం. “ఆగిపోయాయిగా, పడుకో” అని మావారు ఎంత చెప్పినా వినలేదు.

అబ్బాయికి ఫోన్ చేస్తే నవ్వాడు. “మనమెవరమో వాటికి తెలీదమ్మా. యంత్రాలు చిరునామాలన్నీ వరసగా తట్టుకుంటూ పోతాయి. తలుపు తీయకపోతే ముందుకు పోతాయి.”

నిజమే కదా! కోటప్పకొండ తిరునాళ్ళనాడు మన వాకిలి ముందు నుంచి వెళ్ళే ప్రతి మనిషినీ కాగితం మీద రాస్తామా?

ఒకనాడు రాత్రి నెట్ పోయింది. ఎప్పుడు పోయిందో చిట్టాలో చూద్దామంటే ఆ వరసే లేదు. రౌటర్‌లో చోటు కొంచెమే. కొత్తవి పడేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. చెత్త అంతా రాసుకుని, కావలసింది పోగొట్టుకున్నాం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. వరండా కెమెరాను ఊరెళ్ళినప్పుడు ఫోన్‌లో చూసుకోవడానికని దానికొక దారి తెరిచి ఉంచాం. ఆ దారిన వచ్చేది ఆగదు కాబట్టి, ఆగినవాటి చిట్టాలోకి రానే రాదు. ఆ కెమెరాకున్నదేమో డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే! 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో లోబరచుకుంది. వాటితోనే ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని గంటల తరబడి అందకుండా చేశారు. నేను మూసిన తలుపు దగ్గర కాపలా కూర్చుని, తెరిచిన దొడ్డిదారిని మర్చిపోయాను.

ఆఫీసుల సంగతి వేరు. లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022లో సెర్ట్-ఇన్ సంస్థలకు ఆదేశమిచ్చింది. వాళ్ళకి వాటిని చదివే మనుషులుంటారు. మన ఇళ్ళల్లో ఆ చదివే మనిషి అమ్మే, అదీ నిద్ర మానుకుని.

అందుకే నా మాట: ఆగినవాటిని రాయకండి, ఆపితే చాలు. లోపలికి రానిచ్చినవీ, రౌటర్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారన్నదీ, ఏ సెట్టింగ్ మారిందన్నదీ మాత్రం రాసిపెట్టండి. ఒక మనిషి మిమ్మల్నే పేరు పెట్టి ఫోన్లో వేధిస్తుంటే మాత్రం ఒక్కటీ చెరపకండి, అది సాక్ష్యం.

మేం కెమెరా పాస్‌వర్డ్ మార్చాం, ఆ దారి మూసేశాం, చిట్టా ఆపేశాం. మరి మీ ఇంటి కెమెరాకి పాస్‌వర్డ్ మార్చారా?