ఆపరేషన్ తర్వాతి ఖర్చు ఎవరిది?

బ్రిటన్‌లో ఒక దశలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల కోసం ఊరూరా డబ్బు పోగుచేశారు. కేకులు అమ్మారు, మారథాన్లు పరిగెత్తారు, గుండ్లు గీయించుకున్నారు, ఫుట్‌బాల్ మైదానాల గేట్ల దగ్గర బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. లక్ష్యం 40 వేల పౌండ్లు దాటడం మామూలే. ఆ కుటుంబాల్లో చాలామంది గమ్యం అమెరికాలోని సెయింట్ లూయిస్ పిల్లల ఆసుపత్రి. సెలెక్టివ్ డోర్సల్ రైజోటమీ అనే ఆపరేషన్‌ను డాక్టర్ టి.ఎస్. పార్క్ అక్కడ చేసేవారు. ఆధారాలు చాలవంటూ బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ దాని ఖర్చు సాధారణంగా భరించేది కాదు.

ఈ ఆపరేషన్‌లో నడుము దగ్గర వెన్నెముకను తెరిచి, కాళ్ల నుంచి వెన్నుపాముకు సంకేతాలు మోసే నరాల మూలాలను సన్నని పోగులుగా విడదీస్తారు. ఒక్కో పోగుకూ కొద్దిగా కరెంటు ఇచ్చి, కండరాలు ఎలా స్పందిస్తున్నాయో చూసి, అతిగా స్పందించేవాటిని కత్తిరిస్తారు. కాళ్లలో బిగువు తగ్గుతుంది. మెదడుకు తగిలిన దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది. పైగా అన్నాళ్లూ ఆ బిగువునే ఊతంగా చేసుకుని మునివేళ్లపై నిలబడిన బిడ్డకు, దాని వెనక దాగిన బలహీనత ఇప్పుడు బయటపడుతుంది. నాలుగడుగులు వేసే పిల్లవాడు కొన్నాళ్లు నిలబడలేకపోవచ్చు కూడా. మోకాళ్లపై లేవడం, మడమ నేలకు ఆన్చడం మళ్లీ నేర్చుకోవాలి. ఇందుకు నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ల దాకా ఫిజియోథెరపీ కావాలి.

విరాళాల పోస్టరులో ఇదంతా పట్టదు. ‘మా పాపను నడిపించండి’ అంటే డబ్బు వస్తుంది; ‘బిగువు తగ్గి, వాకర్ నుంచి ఊతకర్రలకు మారొచ్చు’ అంటే ఎంతమంది ఇస్తారు? కన్నవాళ్లను తప్పుపట్టలేం. కానీ డాక్టరు ఇవ్వని హామీని పోస్టరు ఇచ్చేస్తుంది. చుట్టాలూ స్నేహితులూ ఎక్కువున్న ఇంటికి నిధి త్వరగా నిండుతుంది. ఆపరేషన్ పనికొచ్చేది ఏ బిడ్డకో తేల్చే పద్ధతి ఇది కాదు.

ఎన్‌హెచ్‌ఎస్ చివరికి మంచి దారే పట్టింది. 2014లో ఇంగ్లండ్‌లోని ఐదు ఆసుపత్రులను ఎంచుకుని, ఫలితాలను కొలవాలన్న షరతుతో డబ్బిచ్చింది. 3 నుంచి 9 ఏళ్ల లోపు, ఊతంతోనో ఊతం లేకుండానో కొంత నడవగలిగే 137 మంది పిల్లలను ఆపరేషన్ తర్వాత రెండేళ్లు గమనించారు. కదలికలు మెరుగయ్యాయి. పోల్చి చూడ్డానికి ఆపరేషన్ జరగని పిల్లల బృందం లేకపోవడం లోపమే. అయినా పోస్టర్ల సాక్ష్యం కంటే ఎంతో నయం. 2018లో ఖర్చు భరించడానికి ఎన్‌హెచ్‌ఎస్ ఒప్పుకుంది. అప్పటికీ అదనపు ఫిజియోథెరపీ కోసం జోలె పట్టే కుటుంబాలు మిగిలే ఉన్నాయి.

మన దగ్గర బకెట్ల స్థానంలో వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్, పక్కన ఆసుపత్రి ఎస్టిమేట్ వస్తాయి. ఈ పిల్లలకు చేసే, కాళ్ల కండరాలు సాగదీసే ఆపరేషన్‌కైనా తర్వాతి చాకిరీ తప్పదు. అయినా ఎస్టిమేట్లలో థియేటర్ చార్జీలు, మందులు, గది అద్దె కనిపించినంత స్పష్టంగా ఇంటికెళ్లాక చేయించాల్సిన ఫిజియోథెరపీ కనిపించదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీతో కలిపి, వర్తిస్తుంది. తెలిసినవాళ్లు తక్కువ. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాలు ఇలాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమే ఉన్నాయి; ఫిజియోథెరపిస్టు వచ్చేది మాత్రం కొన్ని రోజులే. తల్లి బిడ్డను చంకనేసుకుని బస్సెక్కి వచ్చేది ఆ రోజు కోసమే, కూలి పోగొట్టుకుని మరీ. ప్రభుత్వం ఆపరేషన్‌కు అనుమతి రాసే కాగితం మీదే థెరపీ సిటింగులను, రాకపోకల ఖర్చును కూడా రాసి మంజూరు చేయాలి. దాతలూ డబ్బు పంపే ముందు ఆసుపత్రిని అడగాల్సింది ఆ లెక్కే.