పక్కన పెట్టిన పుస్తకాలు

ఏసుక్రీస్తు అమ్మమ్మ పేరేమిటి? కేథలిక్ ఇళ్లలో ఎవరినడిగినా ‘అన్నమ్మ’ అని ఠక్కున చెబుతారు. తాత పేరు యోవాకీము. అయితే బైబిల్ మొత్తం తిరగేసినా ఈ ఇద్దరి పేర్లూ కనిపించవు. పేతురును తలకిందులుగా సిలువ వేశారంటారే, ఆ సంగతీ అందులో లేదు.

మరి ఎక్కడివి ఇవన్నీ? బైబిల్లో చోటు దక్కని పాత పుస్తకాల్లోవి. అన్నమ్మ కథ యాకోబు పేరిట వెలువడిన సువార్తలోది. పేతురు కథ ‘పేతురు కార్యాలు’లోది. రెండూ రెండో శతాబ్దం నాటివే.

తొలి రోజుల్లో ఇలాంటి రచనలు చాలానే చేతులు మారేవి. ఏవి ప్రమాణం, ఏవి కావు అన్న చర్చ చాలాకాలం నడిచింది. ఇప్పుడు కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాలను సరిగ్గా అలాగే లెక్కగట్టి చెప్పిన పాత జాబితాల్లో మొదటిది అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ 367లో రాసిన లేఖ. మిగిలినవాటిని నకలు రాసేవాళ్లు తగ్గారు. కొన్ని పూర్తిగా మాయమయ్యాయి.

అలా మాయమైనవాటిలో కొన్ని 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర బయటపడ్డాయి. ఎరువు మట్టి తవ్వుకుంటున్న రైతులకు ఒక కూజా దొరికిందనీ, దాని నిండా తోలు అట్టల పుస్తకాలున్నాయనీ చెబుతారు. కొన్ని పేజీలు ఇంట్లో పొయ్యిలోకి పోయాయట! మిగిలినవాటిలోనే ఏసు చెప్పినవంటూ 114 వాక్యాలున్న ‘తోమా సువార్త’ ఉంది. కొన్ని బైబిల్లో ఉన్నవే, కొన్ని ఎన్నడూ విననివి.

ఇక మన దేశం ముచ్చట. మూడో శతాబ్దపు ‘తోమా కార్యాలు’లో ఓ కథ ఉంది. గొండోఫారెస్ అనే భారతదేశపు రాజు రాజభవనం కట్టమని తోమాకు డబ్బిస్తాడు. తోమా అదంతా పేదలకు పంచేస్తాడు. భవనమేదని రాజు నిలదీస్తే, ‘పరలోకంలో కట్టాను’ అంటాడు! ఈ రాజు ఉత్త కల్పనే అనుకున్నారు చాలాకాలం. పంతొమ్మిదో శతాబ్దంలో అఫ్ఘానిస్థాన్, పంజాబ్ ప్రాంతాల్లో అతని పేరున్న నాణేలు దొరికాయి. ఒకటో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన రాజు నిజంగానే ఉన్నాడన్నమాట.

అంతమాత్రాన కథంతా నిజమైపోదు. నాణెం రాజుకు సాక్ష్యం, తోమా ప్రయాణానికి కాదు. ఈ పుస్తకాలను చదవాల్సిన తీరు కూడా ఇదే. వీటిలో చాలావాటిని వాటి మీద పేరున్నవాళ్లు రాయలేదు. ఏసు కాలానికి వందేళ్ల తర్వాతో, ఇంకా ఆలస్యంగానో పుట్టినవే ఎక్కువ. కాబట్టి ఏసు గురించి ఇవి చెప్పేది కొంచెమే. ఆయన్ని నమ్మిన తొలి తరాలవారు ఏం ఆశించారు, దేనికి భయపడ్డారు, దేని మీద వాదులాడుకున్నారు అన్నది మాత్రం ఇవే చెప్పాలి. ఓడిపోయిన పక్షం మాట, గెలిచినవారి పుస్తకాల్లో ఖండనగానే కదా మిగిలేది!

‘ఇవి చదివితే విశ్వాసం సడలదా?’ అని కొందరి బెంగ. చదవడమంటే నెత్తిన పెట్టుకోవడం కాదు. బైబిల్లో చేర్చమనీ ఎవరూ అడగడం లేదు. ఏరి పెట్టుకున్న ధాన్యం విలువ తెలియాలంటే, చేటలోంచి పక్కకు పోయిందేమిటో కూడా ఒకసారి చూడాలి. ప్రశ్నకు తట్టుకునే నమ్మకమే పదికాలాలు నిలుస్తుంది. ఏ మతం వారికైనా, ఏ గ్రంథానికైనా ఈ మాట వర్తిస్తుంది.