కొవ్వొత్తి చేయడం వస్తే చాలునా?

నాగరికత కుప్పకూలితే మనిషి ఏమవుతాడన్న ప్రశ్న సాహిత్యానికి కొత్తది కాదు. అయితే ఆ ప్రశ్నను వారం వారం సామాన్య గృహస్థుల ముంగిట నిలిపిన ఘనత ‘సర్వైవర్స్’ అనే బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికకు దక్కుతుంది. ‘బ్రతికి మిగిలినవారు’ అని ఆ పేరును తెలుగు చేసుకోవచ్చు. టెర్రీ నేషన్ రూపకల్పన చేసిన ఈ ధారావాహికను బి.బి.సి. 1975 ఏప్రిల్ 16 నుంచి 1977 జూన్ 8 వరకు మూడు విడతలుగా, మొత్తం 38 భాగాలుగా ప్రసారం చేసింది. 2008లో అదే సంస్థ దీనిని కొత్త తారాగణంతో మళ్ళీ నిర్మించింది కూడా. మేమిక్కడ చర్చించదలచినది మొదటి దానినే. విద్య ఎందుకన్న ప్రశ్న మన వంటి కళాశాలల్లో నిత్యం వినిపించేదే కనుక, ఆ ప్రశ్నకు ఈ కథ చెప్పే సమాధానం మనకూ పనికివస్తుందని మా విశ్వాసం.

కథాసంగ్రహం ఇది. ఒక ప్రయోగశాలలో సీసా ఒకటి చేజారి పగులుతుంది. విమానాలు, విమానాశ్రయాలు, పాస్‌పోర్టుల మీద పడే ముద్రలు వరుసగా తెరపై కదులుతాయి. వ్యాధి ప్రపంచమంతటా ఎలా పాకిందో, ప్రతి వారం ప్రారంభంలో వచ్చే ఆ కొద్ది క్షణాల దృశ్యమే చెప్పివేస్తుంది. ప్రతి 5000 మందిలో సుమారు 4999 మంది ఆ మహమ్మారికి బలి అవుతారు. మిగిలిన ఒకరిద్దరు ఒకరినొకరు వెతుక్కుంటూ బయలుదేరతారు. సంపన్న గృహిణి అబీ గ్రాంట్, ఇంజనీరు గ్రెగ్ ప్రెస్టన్, లండన్ నుంచి కాలినడకన వచ్చిన యువతి జెన్నీ రిచర్డ్స్ వీరిలో ముఖ్యులు. భర్తను పోగొట్టుకున్న అబీ, కుమారుడు పీటర్ కోసం సాగించే అన్వేషణ మొదటి విడతకంతటికీ సూత్రప్రాయం.

కుమారుడు చదివే వసతి పాఠశాలకు వెళ్ళిన అబీకి అక్కడ బ్రాన్సన్ అనే వృద్ధ ఉపాధ్యాయుడు ఒక్కడే కనిపిస్తాడు. ఆయన ఆమెకు ఒక పాఠం చెబుతాడు. దుకాణాల్లో మిగిలిన సరుకులు కొంతకాలం వస్తాయి. ఆ తరువాత కొవ్వొత్తి కావాలన్నా, గొడ్డలి కావాలన్నా ఎవరో ఒకరు చేయాలి. చేయడం ఎలాగో తెలిసినవారు ఎందరు మిగిలారు? ఇదీ ఆయన హితబోధ సారాంశం. ఎంతో చదువుకున్నామనుకునే మనిషి, తాను నిత్యం వాడే వస్తువుల్లో ఒక్కదానినైనా మూలపదార్థం నుంచి తయారుచేయలేడన్న సత్యం అక్కడ నగ్నంగా నిలుస్తుంది.

ఆనాటి బ్రిటిష్ ప్రేక్షకులకు ఈ పాఠం సూటిగా తగలడానికి కారణం ఉన్నది. 1973 నాటి చమురు సంక్షోభం, దానికి తోడు బొగ్గుగని కార్మికుల ఆందోళన ఆ దేశాన్ని అతలాకుతలం చేశాయి. 1974 జనవరి 1 నుంచి మార్చి 7 వరకు అనేక పరిశ్రమలకు వారానికి మూడు దినాలే విద్యుత్తు లభించింది. కొవ్వొత్తి వెలుగులో కూర్చున్న అనుభవం ఆ ప్రేక్షకులకు తాజాది. ‘సర్వైవర్స్’ ప్రారంభమైన 1975 ఏప్రిల్ నెలలోనే, ఇంటి పెరటిలో కూరగాయలు పండించుకుంటూ, పశువులను పెంచుకుంటూ జీవించే దంపతుల హాస్యకథ ‘ది గుడ్ లైఫ్’ను కూడా బి.బి.సి. ప్రసారం చేసింది. స్వయంపోషణ అన్నది అప్పటి ఆదర్శం. అందుచేత ఈ ధారావాహిక సందేశం ‘చేతిపని నేర్చుకో’ అన్నదేనని పలువురు భావించారు, నేటికీ భావిస్తున్నారు.

ఈ భావనను మేము తోసిపుచ్చడం లేదు. ఆరు శతాబ్దాల పూర్వమే దీనిని శాస్త్రీయంగా నిరూపించినవాడు ఇబ్న్ ఖల్దూన్. ట్యూనిస్ నగరంలో 1332లో జన్మించిన ఈ చరిత్రకారుడు పదహారు పదిహేడేళ్ల ప్రాయంలోనే, 1348–49 నాటి మహామారిలో తల్లిదండ్రులను కోల్పోయాడు. ఆ విధంగా ఆయన కూడా బ్రతికి మిగిలినవాడే. 1377లో రచించిన ‘ముఖద్దిమా’లో ఆయన ఒక సామాన్యమైన లెక్క వేసి చూపాడు. ఒక మనిషికి ఒక్క దినానికి సరిపడే గోధుమ తీసుకున్నా, దానిని విసరాలి, పిసకాలి, కాల్చాలి. ఆ పనులకు పరికరాలు కావాలి. ఆ పరికరాలకు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి కావాలి. కనుక ఏ మనిషీ తన ఆహారాన్ని తానొక్కడే సంపాదించుకోలేడు. సహకారం లేనిదే జీవనం లేదు.

ఈ సత్యాన్ని మన కళ్ల ఎదుట 2020వ సంవత్సరం ఋజువు చేసింది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, మన నగరాలను కట్టిన చేతులు సొంత ఊళ్లకు రహదారుల వెంట నడిచిపోయాయి. మే 1న తొలి శ్రామిక రైలు మన లింగంపల్లి స్టేషను నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1200 మందితో బయలుదేరింది. వారు వెళ్ళిన తరువాత గాని, ఎవరి శ్రమ మీద ఎవరు బ్రతుకుతున్నారో చాలామందికి తెలిసిరాలేదు.

అయితే ఇబ్న్ ఖల్దూన్ అక్కడితో ఆగలేదు. సహకారం కోసం కూడిన మనుషులు ఒకరిపై ఒకరు దౌర్జన్యానికి దిగకుండా నిలువరించే శక్తి ఒకటి ఉండితీరాలని ఆయన రెండవ మెట్టుగా చెప్పాడు. ‘సర్వైవర్స్’ గొప్పతనం కూడా ఈ రెండవ మెట్టు ఎక్కడంలోనే ఉన్నదని మా అభిప్రాయం. కొవ్వొత్తి పాఠం మొదటి భాగంలోనే ముగిసింది. తక్కిన కథ అంతా న్యాయాన్ని గురించినది.

రెండవ భాగంలోనే ఆర్థర్ వార్మ్‌లీ అనే కార్మిక నాయకుడు తారసపడతాడు. దిక్కులేని దేశానికి ప్రభుత్వం తానేనని ప్రకటించుకుని, విచారణ అనే తంతు జరిపి ఒక మనిషిని చంపిస్తాడు. ఇది బలవంతుని అన్యాయం. దీనిని గుర్తించడం సులభం. గుర్తించడం కష్టమైనది మంచివారు చేసే అన్యాయం. ‘లా అండ్ ఆర్డర్’ అనే భాగం దానినే చిత్రించింది. అబీ, గ్రెగ్‌ల చిన్న సమాజంలో వెండీ అనే యువతి హత్యకు గురవుతుంది. బుద్ధిమాంద్యం గల బార్నీ మీదికి అందరి అనుమానం పోతుంది. అతనికి తన పక్షాన మాట్లాడుకునే శక్తి లేదు. అందరూ కూర్చుని ఓటు వేసి మరణశిక్ష విధిస్తారు. అమలు జరిపే బాధ్యత గ్రెగ్‌పై పడుతుంది. అసలు హంతకుడు టామ్ ప్రైస్ అన్న సత్యం బార్నీ పోయిన తరువాత బయటపడుతుంది. అది తెలిసిన పెద్దలు, పనిచేసే చేతులు తక్కువన్న కారణంతో దానిని కప్పిపుచ్చుతారు.

విద్యార్థి మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ సమాజంలో ఇంజనీరు ఉన్నాడు, సేద్యం సాగుతున్నది, పాకలో పశువులున్నాయి. కొరత పడినదల్లా, సాక్ష్యాన్ని సాక్ష్యంగా తూచగల ఓర్పు. బార్నీని చంపినది అజ్ఞానం కంటె భయం. భయం ఎప్పుడూ సమాధానాన్ని త్వరగా కోరుతుంది. నోరులేనివాడు ఆ సమాధానంగా దొరుకుతాడు.

ఇది టెలివిజన్ కల్పన మాత్రమేనని అనుకోవద్దు. ఇబ్న్ ఖల్దూన్ తల్లిదండ్రులను హరించిన ఆ మహామారి కాలంలోనే, యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు ఐరోపాలో వ్యాపించింది. స్ట్రాస్‌బర్గ్ నగరానికి వ్యాధి ఇంకా చేరకముందే, 1349 ఫిబ్రవరి 14న, వందలాది యూదులను సజీవదహనం చేశారు. అంతకుముందు ఏడే పోప్ ఆరవ క్లెమెంట్ ఆ పుకారును ఖండించాడు. యూదులు కూడా అదే వ్యాధితో చనిపోతున్నారు, వారు లేని ప్రాంతాల్లోనూ వ్యాధి ఉన్నది, మరి వారెలా కారకులవుతారని ఆయన వాదన. తర్కం అంత తేటగా ఉన్నది. వినే ఓపిక జనానికి లేకపోయింది.

2020లో మన దేశంలోనూ, ఢిల్లీ మర్కజ్ సమావేశం దరిమిలా, వ్యాధి వ్యాప్తిని ఒక మతస్థులకు అంటగట్టే ప్రచారం సాగిన సంగతి పాఠకులు మరచి ఉండరు. ఆ ఏడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన కొందరు విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. విపత్తు వేళ బలిపశువును వెతకడం జరుగుతుందనీ, వీరిని అందుకు ఎంచుకుని ఉండే అవకాశం కనిపిస్తున్నదనీ తన తీర్పులో పేర్కొన్నది. ఈ విషయాన్ని మేము ఫిర్యాదుగా ఉదహరించడం లేదు. భయం పుకారు చేత మాట్లాడించినప్పుడు, కాగితాలు తెరచి సాక్ష్యం చదివే వ్యవస్థ ఒకటి మిగిలి ఉండడం ఎంత భాగ్యమో చెప్పడానికే ఉదహరించాము. బార్నీకి ఆ భాగ్యం లేదు.

ఆకలి వేళ ఇన్ని విచారణలకు తీరిక ఎక్కడిదని కొందరు ఆక్షేపించవచ్చు. ధారావాహికలోని పెద్దలు చెప్పుకున్న సమర్థన కూడా అదే. కాని టామ్ ప్రైస్‌ను కాపాడిన కారణం అతని నిర్దోషిత్వం కాదు, అతని ఉపయోగం. మనిషి విలువను అతని పనితో మాత్రమే కొలిచే సమాజంలో పని చేయలేని బార్నీ వంటివారికి చోటు ఎక్కడ? అన్నానికి న్యాయం అడ్డు అనుకున్న చోట కొంతకాలానికి రెండూ మిగలవు. నమ్మకం పోయిన వారు కలిసి పొలం దున్నలేరు కదా!

ఈ రచనలో లోపం లేకపోలేదు. నాయకత్వమంతా చదువుకున్న మధ్యతరగతి వారిది. శ్రామికుడైన ప్రైస్ అబద్ధాలకోరు, దుర్మార్గుడు. చేతిపనిని అంతగా కీర్తించిన రచయితలు, చేతిపని వారిని ఇలా చిత్రించడం న్యాయం కాదు. అయినా మూడవ విడతకు వచ్చేసరికి కథ మరింత విశాలమవుతుంది. విడివిడి గుంపులు ఒకదానితో ఒకటి సంబంధాలు కలుపుకుంటాయి. రైళ్లు మళ్ళీ కదులుతాయి. కాగితపు డబ్బు వాడుకలోకి వస్తుంది. ఆ కాగితానికి విలువ నిచ్చినది, అప్పటికే మరణించిన గ్రెగ్ పేరు మీద ప్రజలకున్న విశ్వాసం. చివరి భాగంలో స్కాట్లండ్ జలవిద్యుత్తు చుట్టూ కథ నడుస్తుంది. అక్కడ కూడా యంత్రం కంటె ముందు తేలవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆ వెలుగులో ఎవరెవరికి వాటా?

ఇక కళాశాల పాలకవర్గం పెద్దలకు సవినయంగా ఒక మాట. ఉపాధి కల్పించే కోర్సులు కావాలన్న తల్లిదండ్రుల కోరిక సమంజసమైనది. పేద కుటుంబాల పిల్లలకు చేతిలో ఒక విద్య ఉండాలి. బ్రాన్సన్ మాస్టారి పాఠాన్ని మనం తప్పక అమలు చేయాలి. కాని ఆ పేరిట చరిత్ర తరగతిని, భాషా సాహిత్యాల తరగతిని, గ్రంథాలయాన్ని వ్యర్థవ్యయంగా లెక్కించడం మాత్రం మాకు సమ్మతం కాదు. ఉర్దూలో గాని, తెలుగులో గాని ఒక రచనను నిదానంగా చదివి, చెప్పినవాడెవడు, దేనిని ఆధారం చేసుకుని చెప్పాడు, చెప్పకుండా విడిచినదేమిటి అని అడగడం నేర్చిన విద్యార్థి, రేపు పంచాయతీలో కూర్చున్నా, న్యాయస్థానంలో నిలిచినా, నలుగురి మధ్య పుకారు విన్నా అదే ప్రశ్న అడుగుతాడు. ఇన్సాఫ్‌కు పునాది ఆ ప్రశ్నే.

విద్యార్థులారా! దీపం వెలిగించడం నేర్చుకోండి. విత్తనం నాటడం, యంత్రం బాగుచేయడం నేర్చుకోండి. దానితో పాటు, నలుగురూ ఒకే వైపు చేతులెత్తిన సభలో లేచి నిలబడి, ‘ఈ మనిషి చెప్పేది ఇంకా వినలేదు’ అనగలిగే ధైర్యాన్ని కూడా ఈ తరగతి గదుల్లోనే సంపాదించుకోండి. బార్నీ విషయంలో అలా లేచి నిలబడినవారు చాలకపోయారు.