తుమ్మికూరను మింగింది చైనా కాదు

ఆడవాళ్ళు వంట మానేశారు కాబట్టే ఊరూరా చైనా బళ్ళు వెలిశాయట! ఈ మాట ఈ ఒక్క వానాకాలంలోనే నేను నాలుగుసార్లు విన్నాను. అన్నవాళ్ళలో ముగ్గురు మగవాళ్ళు. నాలుగో ఆవిడకు ఇంట్లో వంటమనిషి ఉంది.

మాది మెట్‌పల్లి. ఖద్దరుకూ పసుపుకూ పేరున్న ఊరు. ఇదివరకు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. నిజామాబాదు నుంచి ఆర్మూరు మీదుగా జగిత్యాల, ధర్మపురి, మంచిర్యాల వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. అందుచేత హైదరాబాదులో ఏ మోజు పుట్టినా కొన్నాళ్ళకు మా గుమ్మం ముందు ఆగుతుంది. ఇప్పటి మోజు పేరు రుచుల యాత్ర. కార్లలో వస్తారు. ఏ కాలంలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో అడుగుతారు, తింటారు, తినేముందు ఫోటో తీస్తారు. బాగానే ఉంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ సాయంత్రంపూట బస్టాండు దగ్గర దిగేసరికి వాళ్ళకు ఎదురయ్యేది మక్క గటకా కాదు, సర్వపిండీ కాదు. భగ్గుమనే మంటమీద కడాయిలో ఎగిరిపడుతున్న నూడిల్సు! దాంతో వాళ్ళ ముఖాలు మాడిపోతాయి. “అయ్యో, మీ ఊళ్ళో కూడానా!” అంటారు. ఆ వెంటనే మొదట చెప్పానే, ఆ మాట వస్తుంది.

సరే, ముందు చైనా సంగతే తేల్చుకుందాం.

మంచూరియా అనేది చైనాకు ఈశాన్యాన ఉన్న సీమ. ఆ సీమవాళ్ళకు మన మంచూరియా ఏమిటో తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దీన్ని తానే పుట్టించానని చెప్పుకున్నాడు. మనలాగే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ తరిగి వేశాడు. గరం మసాలా పడాల్సిన చోట సోయా సాసు పోశాడు. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరిచాడు. అంటే పుట్టిల్లు మనది, ఇంటిపేరు మాత్రం వాళ్ళది. మన ఆడపిల్లల సంగతి కూడా అంతేగా!

పోనీ చైనావాళ్ళు నిన్నమొన్న వచ్చిన అతిథులా అంటే అదీ కాదు. వారన్ హేస్టింగ్స్ కాలంలోనే అచ్యూ అనే చైనీయుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి పుచ్చుకుని, చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరుమీదే ఆ ఊరు అచ్చిపూర్ అయింది. మా పక్కనున్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడడం చూసినదాన్ని కాబట్టి, ఇది చదివినప్పుడు నాకు ఆ అచ్యూగారితో ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది.

కార్న్‌ఫ్లోర్ అంటే ఏమిటండీ? మక్కల గంజిపొడే కదా! మా వైపు పసుపు చేలోనే మక్క వేస్తారు. బతుకమ్మ నాటికి కంకులు విరిచేస్తారు, పసుపు సంక్రాంతి దాటాక తవ్వుతారు. మక్కను పొయ్యిమీద గటకగా ఉడికిస్తే అది ‘అసలు తెలంగాణ’. అదే మక్క ఫ్యాక్టరీకి పోయి తెల్లటి పొడై, గోబీ పువ్వుకు పూత అయితే ‘పరదేశి’. తమాషా ఏమిటంటే ఆ మక్క అమెరికా ఖండం నుంచి వచ్చింది. మిరపకాయా అక్కణ్ణుంచే, టమాటా అక్కణ్ణుంచే. ఇంకా తమాషా, అసలు మంచూరియా సీమ కూడా చైనాలో మక్కలకు పెట్టింది పేరు. స్వచ్ఛమైన రుచి కావాలని పట్టుబట్టేవాళ్ళు మిరపకాయ తీసేసి పచ్చిపులుసు చేసుకుని తినగలరేమో, ఒకసారి చూడాలని నాకు కోరిక.

ఇప్పుడు బండి దగ్గర నిలబడి తినేవాళ్ళెవరో చూద్దాం.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, అటు ఆర్మూరు — ఏ వాడకు వెళ్ళినా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. మగవాళ్ళు దుబాయికో మస్కట్‌కో పోయిన ఇళ్ళు వాడవాడకూ ఉన్నాయి. తునికాకు తడపాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. వెయ్యి బీడీలు కావాలంటే పొద్దున కూర్చున్న మనిషి దీపాలు పెట్టేవేళకు గానీ లేవదు. ఎండాకాలంలో ఆదిలాబాదు అడవుల్లో తునికిపండ్లు తేనెలా ఉంటాయి. ఆ చెట్టు ఆకు ఏడాది పొడుగునా ఈమె ఒళ్ళోకి వస్తుంది, పండు మాత్రం రాదు.

మా వెనక వాడలో ఒకామెను నేనే అడిగాను, రోజూ పిల్లలకు ఆ నూడిల్సేమిటని. ఆమె చెయ్యి ఆపకుండానే చెప్పింది.

“రోజూ ఏడికెళ్ళి తెస్త అక్కా, వారానికోపారి. పొద్దుగాల కూసుంటె పొద్దుమూకెదాక నడుము లేవది. హాఫ్ ప్లేటు తెస్తె పిలగాండ్లిద్దరు తింటరు, నేను సుత రెండు బుక్కలు తింట. నాకు ఒకలు వండిపెడ్తె తినుడు గా బండికాడనే అక్కా.”

ఈ మాటకు జవాబు ఏ రుచుల యాత్రలో దొరుకుతుందో నాకు చెప్పండి. ఇంట్లో కుండలో నీళ్ళు ముంచుకోని జాతి, నడిరోడ్డు మీద గంటె పట్టుకుని ఆడవాళ్ళకు వేడివేడిగా వండిపెడుతోంది. ఇంత వింత జరుగుతుంటే పండగ చేసుకోక ఏడుస్తారేమిటి?

బండిని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఆ నిప్పులాంటి ఎరుపు చూస్తే నాకూ భయమే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలపకూడదని ఊరికే నిషేధించలేదు. మరిగి మరిగి నల్లబడిన నూనెను ఎవరైనా పారబోయమనాల్సిందే. రంగుతో పోట్లాడండి, నూనెతో పోట్లాడండి, నేనూ కొంగు బిగించి వస్తాను. అంతేగానీ గోబీ దొరికిందని మా ఊరి ఆడవాళ్ళ మీద పడకండి.

ఇంతకీ యాత్రవాళ్ళు వెతికే ఆ కాలపు రుచులు ఏమైనట్టు? అవి నిజంగానే కనబడడం లేదు. ఇది మాత్రం నేను ఒప్పుకుంటాను.

మా ఇంట్లో వినాయక చవితికి తుమ్మికూర తప్పనిసరి. ఆ రోజు అది నోట్లో పడకపోతే మా నాయనమ్మకు పండగ చేసినట్టే ఉండేది కాదు. కొనేది కాదు, చేను గట్టున కోసుకొచ్చేది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి, బెల్లం కలిపి పేలపిండి చేసేవారు. వానలు పట్టుకోగానే గంగవాయిలకూర తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చేది. ఆ పుల్లదనం పప్పులో పడితే చింతపండు సగం చాలు. తర్వాత బోడకాకరకాయలు, ఉరిమిన మర్నాడు పుట్టగొడుగులు, బతుకమ్మకు మలీద ముద్దలు, చలి మొదలైతే సీతాఫలాలు, అనపకాయ గుడాలు, సంక్రాంతికి సకినాలు. ఎండలు ముదిరితే చింతచిగురు. వీటిలో సగానికి విత్తనం ఎవరూ వేయలేదు, నీళ్ళు ఎవరూ పెట్టలేదు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్ళు సాయంత్రం ఒడినిండా తెచ్చుకున్నవే. కలుపే కూర!

ఆ కలుపును ఇప్పుడు చేత్తో తీయడం లేదు. గడ్డిమందు కొడుతున్నారు. మక్కచేలో కొడుతున్నారు, గట్లమీద కొడుతున్నారు, కాలువ ఒడ్డున కొడుతున్నారు. కూలి దొరకదంటారు, ఖర్చు తగ్గుతుందంటారు. రైతు బాధ రైతుకు ఉంది, కాదనను. కానీ మందుకు తుమ్మిచెట్టు వేరు, గడ్డి వేరు అని తెలుస్తుందా? గంగవాయిల మాడింది, పొన్నగంటి మాడింది. గునుగు కూడా చేను కలుపే నాయనా! బతుకమ్మ పేర్చే గునుగుపువ్వును బజారులో కట్ట ఇంతని బేరమాడి కొంటున్నాం. అడవి పువ్వులతో ఆడే పండగకు పువ్వు కొనాల్సి వచ్చినప్పుడు ఏ చైనాను తిడదాం?

ఇంకో సంగతి ఉంది. శ్రీరాంసాగర్ నీళ్ళు కాకతీయ కాలువలో పారాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి, జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. కడుపునిండా అన్నం దొరకడాన్ని తప్పుపట్టే పాపం నేను చేయను. నా మంటల్లా ఆ తర్వాత మనం చూపిన చిన్నచూపు మీద. గటక అంటే కూలోళ్ళ తిండి. అంబలి అంటే మొహం పక్కకు తిప్పడం. జొన్నరొట్టె డబ్బాలో తెచ్చిన పిల్ల దాన్ని మూత చాటున తుంచి తినేది. నా క్లాసులో అలాంటివాళ్ళు అయిదారుగురు. ఆ డబ్బాలు చూసి నవ్విన ఇళ్ళవాళ్ళే ఇవాళ పెద్ద హోటల్లో చిన్న గాజుగ్లాసులో అంబలి పోయించుకుని, వందలు చెల్లించి, పూర్వీకుల జ్ఞానం గురించి మాట్లాడుతున్నారు. తప్పు నూడిల్సుదా?

అసలు మన చైనా బండి మీద నా ఫిర్యాదు వేరే. అది చాలినంత చైనా కాదు! చైనాలో గంగవాయిలకూర తింటారండీ. తోటకూర తింటారు, బచ్చలి తింటారు, కాకరకాయ తింటారు. ఆకుకూరను పెద్ద మంటమీద వెల్లుల్లితో చప్పున తిప్పి దించడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. మన బండిమీద మాత్రం పన్నెండు నెలలూ క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం. ఎండైనా వానైనా అవే మూడు. ఆషాఢంలో బోడకాకరను చక్రాలుగా తరిగి ఆ మంటమీద తిప్పితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అనపగింజలు ఉడకబెట్టి ఫ్రైడ్ రైస్‌లో వేస్తే? చింతచిగురు పులుపు ఉండగా వెనిగరు ఎందుకు? ఇవి ఇంట్లో చేసి చూశాను. బోడకాకర నూడిల్సు మా పిల్లలు అడిగి మరీ వేయించుకున్నారు. మా అత్తగారు మాత్రం “గిదేం పెంట” అంటూనే గిన్నె ఖాళీ చేశారు. మా బస్టాండు బండి అబ్బాయికి చెబితే, “బోడకాకర రేటు ఎంతుందో తెలుసా మేడం? ప్లేటు ఎంతకమ్మాలె?” అన్నాడు. వాడి లెక్క వాడిది. పట్నంవాళ్ళు ఆ రేటు ఇచ్చి తింటామంటే రేపే చేస్తాడు.

కాబట్టి రుచుల యాత్ర వాళ్ళు వచ్చే వినాయక చవితికి తప్పకుండా రండి. కాకపోతే ఈసారి హోటల్లో దిగకండి. పొద్దున్నే ఆరింటికి మందు కొట్టని గట్టు ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి, రెండు మూడు కిలోమీటర్లు నడవాల్సి వస్తుంది. తుమ్మికూర చిగుళ్ళు మాత్రమే తుంచాలి, నలుగురికి సరిపడా తుంచడానికి రెండు గంటలు పడుతుంది. ఇంటికి తెచ్చి పుల్లలు ఏరి, మూడు నీళ్ళలో కడగాలి. మగవాళ్ళు కూడా కూర్చుని ఏరాలి. చెప్పులు గట్టివి వేసుకోండి, గట్లమీద పాములు తిరుగుతుంటాయి.